జాతర చందా ఇవ్వనివాళ్ళకు నీళ్ళ కార్డు ఆపొచ్చా?

ఈ వారం ఉత్తరం:

"అక్కా, నమస్తే. మాది పుత్తూరు వైపు ఒక పల్లె, 180 గడప. నాకు 31 ఏళ్ళు, బెంగళూరులో ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఈసారి గంగమ్మ జాతర కమిటీలో లెక్కలు నన్ను చూడమన్నారు. గడపకు 2,000 అనుకున్నాం. దళితవాడలో చర్చికి పోయే 14 ఇళ్ళవాళ్ళు మేం ఇవ్వం అన్నారు. ఇవ్వనివాళ్ళకు ఊరి వాటర్ ప్లాంటు కార్డు ఆపేద్దామని కమిటీలో కుర్రాళ్ళు పట్టుబట్టారు. పలక కొట్టేవాళ్ళు కూడా ఈ ఏడు రామన్నారు, అందుకని 45,000కు డీజే మాట్లాడారు. పోయిన ఏడు పలకకు ఇచ్చింది నలుగురికీ కలిపి 3,000. ఇంకొకటి, అమ్మవారి ఊరేగింపు ఎప్పుడూ పీర్ల చావిడి ముందర ఆగుతుంది, దూదేకుల తాత చక్కెర చదివించి ఇస్తాడు, అప్పుడు కదులుతుంది. ఇది మన శాస్త్రంలో లేదు, ఈసారి అక్కడ ఆపొద్దు అని కొందరు. మా నాయనేమో 'దళితవాడకి పోకుండా, చావిడి కాడ ఆగకుండా అది జాతరెట్లా అవుతుందిరా' అని అలిగి కూర్చున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదక్కా. నేను ఎవరి పక్కన ఉండాల?"

తమ్ముడూ, ముందు నీళ్ళ సంగతి తేల్చేద్దాం. నువ్వు రాసినవాటిలో మిగతావన్నీ కూర్చుని మాట్లాడుకోవచ్చు, దీంట్లో మాత్రం మాట్లాడుకోవడానికేం లేదు. కార్డు ఆపొద్దు. ఆ ప్లాంటు పంచాయతీదైనా, ఎవరో దాత పెట్టించిందైనా, జాతర కమిటీకి దాని మీద ఏ అధికారమూ లేదు. ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో దాన్ని సవరించినప్పుడు సామాజికంగా గానీ ఆర్థికంగా గానీ వెలివేయడాన్ని, వెలివేస్తామని బెదిరించడాన్ని కూడా నేరాల్లో పేరు పెట్టి చేర్చారు. బెదిరించడం కూడా, గమనించు. మీ వాట్సాప్ గ్రూపులో ఆ కుర్రాళ్ళు ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే అది సాక్ష్యమే. 'వాళ్ళు చర్చికి పోతున్నారు కదా, ఆ చట్టం వాళ్ళకు వర్తించదు' అని మీలో ఒక తెలివైనవాడు అంటాడు, అనకుండా ఉండడు. ఆ వాదన కోర్టులో లాయర్లు చేసుకుంటారు. మే నెల ఎండలో బిందె పట్టుకుని నిలబడ్డ పిల్ల ముందు నిలబడి ఆ మాట చెప్పగలవా నువ్వు?

చట్టం పక్కన పెట్టి మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మాది చంద్రగిరి అవతల ఒక పల్లె. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వరసగా రెండేళ్ళు వానల్లేవు, చెరుకు ఎండిపోయింది, మా నాయన జాతర చందా కట్టలేకపోయాడు. కట్టను అనలేదు, కోతలయ్యాక ఇస్తానన్నాడు. అప్పటి పెద్దమనిషి ఒకాయన (పేరు వద్దు, ఇప్పుడు లేడు కూడా) పొంగళ్ళ వరసలో మా ఇంటి పేరు కొట్టేయించాడు. మా అమ్మ కొత్త కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి, తలమీద పెట్టుకుని గుడి దాకా పోయింది. అక్కడ లిస్టు చదివే పిల్లాడు 'మీ పేరు లేదు పెద్దమ్మా' అన్నాడు. ఆమె ఏమీ అనలేదు, తిరిగొచ్చి పెరట్లో మూడు రాళ్ళు పెట్టి అక్కడే పొంగలి వండింది. మరుసటి ఏడు మా నాయన రెండేళ్ళ చందా కలిపి కట్టాడు, ఆ పెద్దమనిషే వచ్చి 'రాండమ్మా' అన్నాడు, ఆమె పోలేదు. పదకొండేళ్ళు పోలేదు. నేను పెళ్ళీడుకొచ్చాక అడిగాను, ఎందుకమ్మా అంత పంతం అని. 'గంగమ్మతో నాకేం గొడవే, ఆ లిస్టుతోనే' అంది.

ఆ ఊళ్ళో ఇప్పటికీ మా తరం వాళ్ళకు జాతర అనగానే పలకల మోత గుర్తొస్తుంది, నాకేమో 'మీ పేరు లేదు' అన్న గొంతు గుర్తొస్తుంది. రెండు వేల కోసం మీరు 14 ఇళ్ళలో అలాంటి గొంతులు పెట్టబోతున్నారు. అవి రెండు తరాలు పోవు.

ఇక నువ్వు అసలు అడిగింది, ఎవరి పక్కన ఉండాలని. మీ నాయన పక్కన. కాకపోతే ఆయన చెప్పే కారణం 'ముందు నుంచీ ఇంతే' అని. అది ఒక్కటీ చాలదు. ముందు నుంచీ ఉన్నవాటిలో పారేయాల్సినవీ ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు జాతర అనేది ఎలా నడుస్తుందో చూడు, మా తిరుపతిదే తీసుకో.

బయటివాళ్ళకు తిరుపతి అంటే కొండ, లడ్డు, క్యూలైను. ఊరివాళ్ళకు మాత్రం మే నెలలో వారం రోజులు తాతయ్యగుంట గంగమ్మే. అవిలాల నుంచి కైకాలవాళ్ళు సారె తెస్తారు, అది అమ్మవారి పుట్టిల్లు అని లెక్క. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు, చాటింపు అయ్యాక ఊరివాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని కట్టు. బుధవారం నుంచి వేషాలు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, ఆఖరికి జాతర, మర్నాడు తెల్లవారుజామున విశ్వరూపం, మట్టితో చేసిన ఆ పెద్ద రూపం చెంప నరకగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. కథ నీకు తెలిసిందే, ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆమె రోజుకో వేషం వేసుకుని ఊరంతా వెతికింది, దొర వేషంలో వస్తే దొరకు దండం పెడదామని వాడు బయటికొచ్చాడు, అక్కడ తల తెగింది. నాకు ఈ కథలో ఎప్పుడూ నచ్చేది మర్నాటి సంగతి. చంపేసి ఊరుకోలేదు, మాతంగి వేషంలో వాడి పెళ్ళాం దగ్గరికి పోయి ఓదార్చింది. శత్రువు ఇంటి ఆడమనిషిని కూడా ఊరి లెక్కలోంచి తీసేయలేదు గంగమ్మ. మీ కమిటీ కుర్రాళ్ళకు ఈ ముక్క చెప్పు.

ఇప్పుడు దీంట్లో శాస్త్రం ఎక్కడుంది? కొండమీద స్వామికి వైఖానస ఆగమం, లెక్కప్రకారం సుప్రభాతం నుంచి ఏకాంతసేవ దాకా. కింద చెల్లెలికి కోళ్ళు, ఏటలు, అంబలి, పొంగళ్ళు, మగవాళ్ళు చీరలు కట్టుకుని జడలేసుకుని మొక్కు తీర్చుకోవడం, బండ వేషం తోటి వేషం రోజుల్లో నోటికొచ్చిన బూతులు తిట్టుకోవడం, అది తప్పు కాదు, తిడితేనే అమ్మకు తృప్తి. అన్న పద్ధతి అన్నది, చెల్లెలి పద్ధతి చెల్లెలిది. అన్న ఏం చేస్తాడు? 'నా ఆగమంలో లేదు' అంటాడా? జాతరకు కొండమీద నుంచి చీర, పసుపు కుంకుమ సారె పంపిస్తాడు, దేవస్థానం వాళ్ళు ఊరేగింపుగా తెచ్చి ఇస్తారు. ఏటేటా. ఇద్దరి వంటా ఒకటి కాదు, ఇద్దరి పూజారీ ఒకడు కాదు, అయినా సారె ఆగదు.

శ్రీకాళహస్తి చూడు, మీకు దగ్గరే. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి జెండా ఎగిరేది స్వామి గుడిలో కాదు, కన్నప్ప కొండమీద. నోట్లో పుక్కిట పట్టిన నీళ్ళతో అభిషేకం చేసి, అడవి పంది మాంసం నైవేద్యం పెట్టి, గుర్తుకోసం శివుడి కంటిమీద చెప్పుకాలు ఆనించిన బోయవాడు తిన్నడికి మొదటి మర్యాద. స్వామి ధ్వజారోహణం ఆ మర్నాడు. ఏ శాస్త్రం చదివి పెట్టారో ఆ వరస నాకు తెలీదుగాని, పెట్టినవాళ్ళకు ఊరు తెలుసు.

అందుకని పీర్ల చావిడి ముందు ఆగొద్దు అనేవాళ్ళతో శాస్త్రం గురించి వాదన పెట్టుకోకు, గెలవలేవు, గెలిచినా లాభం లేదు. దేవుని కడపలో ఉగాది రోజు ముస్లింలు బారులు తీరి వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, స్వామి మా అల్లుడు అంటారు. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధన ఉంది కదా, అది 1984లో మొదలైంది, దానికి 108 బంగారు పూలు ఇచ్చింది గుంటూరు నుంచి వచ్చిన ఒక ముస్లిం భక్తుడు. షేక్ చినమౌలానా సాహెబ్ మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, గుళ్ళలో నాదస్వరం వాయించి 1977లో పద్మశ్రీ తెచ్చుకున్నాడు. ఇక మీ వైపు ధర్మరాజుల గుళ్ళలో భారతం పెడతారు కదా, పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడు, సాయంత్రం అగ్నిగుండం. ఆ గుళ్ళలో కొలిచే ద్రౌపదమ్మకే సరిహద్దు అవతల, తమిళనాడు గింజీ వైపు గుళ్ళలో కాపలా ఎవరో తెలుసా? ముత్తాల్ రావుత్తన్ అని ఒక ముస్లిం వీరుడు. 1911కు ముందు చిత్తూరు జిల్లాయే లేదు, మనది ఉత్తర ఆర్కాటు, 1960 దాకా తిరుత్తణి కూడా అప్పటి మన చిత్తూరు జిల్లాలోదే. మన ఆచారాల్లో సగం అటువైపు చుట్టరికమే, శుద్ధంగా ఏదో ఒకదాన్ని పట్టుకుందామంటే చేతికి ఏదీ రాదు.

ఇవన్నీ చెప్తే వాళ్ళు మారతారని నాకేం భ్రమ లేదు. నువ్వు వాళ్ళను ఒకటే అడుగు. దూదేకుల తాత చక్కెర చదివించి ఇస్తాడు కదా, మరి పీర్ల పండక్కి గుండం తవ్వేది ఎవరు, కట్టెలు తెచ్చేది ఎవరు, పీరు ఎత్తేది ఎవరు? రాయలసీమలో చాలా ఊళ్ళలో సగానికి సగం హిందువులే. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గర చూస్తే ఎవరు ఏ మతమో నువ్వు విడదీయలేవు. మీ ఊళ్ళో కూడా మీ కమిటీ వాళ్ళ తాతల్లో ఎవరో ఒకరు పీరు ఎత్తినవాళ్ళే ఉంటారు, ఇంట్లో అడిగి చూడమను. రెండు నిమిషాలు ఆగి ఇంత చక్కెర నోట్లో వేసుకోవడం కోసం శాస్త్రం తిరగేస్తే, అటువాళ్ళు కూడా తిరగేస్తారు. వాళ్ళలోనూ 'పీర్ల పండగ మన మతంలో లేదు' అని చెప్పే కుర్రాళ్ళు తయారయ్యారు. ఇద్దరు కుర్రాళ్ళూ ఒకరికొకరు అచ్చం కవలపిల్లల్లా ఉంటారు, కూర్చోబెట్టి ఫోటో తీయాలనిపిస్తుంది.

సరే, ఇప్పుడు పాత ఆచారాల గురించి నేను మాటిచ్చిన రెండో ముక్క. ఊరి కట్టు అంటూ మనం మురిసిపోయేదాంట్లో కొందరి మెడమీద కాలు పెట్టి నిలబెట్టినవీ ఉన్నాయి. మన జిల్లాలోనే, మీ పుత్తూరు చుట్టుపక్కల కూడా, మాతమ్మ పేరుతో దళితుల ఆడపిల్లలను చిన్నప్పుడే దేవతకు వదిలేశారు. బిడ్డకు జబ్బు చేస్తే మొక్కు, తర్వాత ఆ పిల్లకు పెళ్ళి లేదు, ఊరికి మాత్రం ఆమె జాతర్లో ఆడాలి. 1988లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది, అయినా ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇది జరిగింది. అది కూడా 'ముందు నుంచీ ఇంతే' అన్నదే. దాన్ని కూడా ఊరి ఐక్యత అనే చెప్పుకున్నారు, ఆ ఆడపిల్లను తప్ప అందరినీ కలిపింది మరి. కాబట్టి మీ నాయనతో మాట్లాడేటప్పుడు నువ్వు అడగాల్సింది ఆచారం పాతదా కొత్తదా అని కాదు. అది ఎవరి చేత ఏం చేయిస్తోంది, వాళ్ళు రాము అనగలరా, అంటే ఏమవుతుంది, ఇది అడుగు.

అలా అడిగితే మీ పలకవాళ్ళ సంగతి వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళు రామన్నారు అని రాశావుగాని, ఎందుకు రామన్నారో నీ ఉత్తరంలో లేదు. ఎవరూ అడగలేదని నా అనుమానం. లెక్కలు నీ చేతిలోనే ఉన్నాయి కదా, ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూడు. డీజేకు 45,000, పలకకు నలుగురికీ కలిపి 3,000. మనిషికి 750. వారం రోజుల మోతకు. డీజే వాడికి అడ్వాన్సు, వాడి కుర్రాళ్ళకు బిర్యానీ, కూర్చోడానికి కుర్చీ. పలక కొట్టేవాళ్ళకు? గుడి బయట నిలబడి కొట్టడం, అన్నం వేరే వరసలో, ఆకులో వేసి ఇంటికి పట్టుకుపో అనడం, ఒక క్వార్టరు సీసా ఇచ్చి భుజం తట్టడం. నేను ఊహించి రాస్తున్నాను, మీ ఊళ్ళో అలా లేకపోతే సంతోషం. కానీ చాలా ఊళ్ళలో ఇంతే, అందుకే ఇప్పుడు చదువుకున్న పిల్లలు 'మా నాయన కొట్టాడు చాలు, నేను కొట్టను' అంటున్నారు. ఆ మాట న్యాయమైనదే. నేనైనా అదే అందును.

పలక లేకుండా అమ్మవారు గుడి దాటదు అని మనమే చెప్తాం. చావుకు పలక, చాటింపుకు పలక, పూనకానికి పలక. ఆ దెబ్బ వినపడితే మా వీధిలో 80 ఏళ్ళ అవ్వ కూడా మంచం దిగుతుంది, డీజేకు దిగమను చూద్దాం, చెవుల్లో దూది పెట్టుకుంటుంది. అంత గొప్ప పని అయినప్పుడు, అది చేసేవాణ్ణి కళాకారుడిలా పిలవండి. ముందుగా ఇంటికి పోయి తాంబూలం పెట్టి అడగండి, డబ్బు మాట్లాడుకోండి, డీజేకు అనుకున్నదాంట్లో సగం ఇచ్చినా వాళ్ళు వారం రోజులు కొడతారు. అందరితో పాటే పంక్తిలో అన్నం. వద్దంటే, అప్పటికీ వద్దంటే, బలవంతం చేయకండి, పుత్తూరులోనో నారాయణవనంలోనో వేరే బృందాన్ని మాట్లాడుకోండి, నేర్చుకుంటామంటే మీ కమిటీ కుర్రాళ్ళే నేర్చుకోమను. ఏ కులమైనా పలక మోగుతుంది. కర్ర ఎలా పట్టుకోవాలో నేర్పమని వాళ్ళనే గురువుగా పెట్టుకోండి, దక్షిణ ఇచ్చి. (కుర్రాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి, నాకొక వీడియో పంపు.)

ఇక ఆ 14 ఇళ్ళు. వాళ్ళు ఇవ్వమన్నది దేనికి? చందా రసీదు మీద 'శ్రీ గంగమ్మ అమ్మవారి జాతర' అని వేసి, ఆ డబ్బులో పూజకెంత, ఏటకెంత, వీధి లైట్లకెంత, నాటకానికెంత అన్నది చెప్పకుండా 2,000 ఇవ్వమంటే, తన మతం ప్రకారం అది తప్పని నమ్మినవాడు ఎలా ఇస్తాడు? పన్నుల విషయంలో రాజ్యాంగం 27వ అధికరణం ఏమంటుందంటే, ఏదో ఒక మతాన్ని పోషించడానికని ఎవరి దగ్గరా బలవంతంగా పన్ను తీసుకోకూడదు అని. మీ కమిటీ ప్రభుత్వం కాదనుకో, కానీ ఆ మాటలోని మర్యాద కమిటీకి కూడా పనికొస్తుంది.

నువ్వు చేయాల్సింది రెండు పుస్తకాలు పెట్టడం. ఒకటి అమ్మవారిది, పూజ, నైవేద్యం, బలి, సారె, పూజారి దక్షిణ. అది ఇష్టమున్నవాళ్ళు ఇచ్చేది, గడపకింత అని లెక్క కట్టకూడదు, ఒకరు పది రూపాయలిచ్చినా రాసుకోవాలి. మా అమ్మ లాంటివాళ్ళు అప్పుడు లిస్టులోంచి పోరు. రెండోది ఊరిది, రోడ్డు చదును, కాలవ శుభ్రం, లైట్లు, వచ్చిన చుట్టాలకు మజ్జిగ, అన్నదానం, రాత్రి నాటకం. నాటకం అందరూ చూస్తారు, లైటు అందరికీ వెలుగుతుంది. ఆ రెండో పుస్తకం పట్టుకుని ఆ 14 ఇళ్ళకు పో. డబ్బే అడగకు. ఏం చేయగలరో అడుగు. ఒకాయన ఎలక్ట్రీషియన్ ఉంటాడు, ఇంకో ఇంట్లో ట్రాక్టరు ఉంటుంది, ఆడవాళ్ళు అన్నదానానికి కూరగాయలు తరిగిపెడతారు. కొందరు దానికీ ఒప్పుకోరు, మా పాస్టరుగారు వద్దన్నారు అంటారు. సరేనని వచ్చేయి, మొహం మాడ్చకు. మరుసటి ఏడు మళ్ళీ పో.

ఇంకొక సంగతి, దీన్ని కమిటీ వాళ్ళు బేరం అనుకోకూడదు కాబట్టి నెమ్మదిగా చెప్పు. డిసెంబరులో వాళ్ళు క్రిస్మస్‌కు నక్షత్రాలు కట్టి, తెల్లవారుజాము దాకా పాటలు పాడుతూ వీధులు తిరుగుతారు కదా, ఆ రోజు ఊరి లైట్ల ఖర్చు కూడా ఆ రెండో పుస్తకంలోంచే ఇవ్వాలి. ఇవ్వడానికి మీవాళ్ళకు కడుపు మండితే, ఆ పుస్తకం పైన 'ఊరిది' అని రాయడం మానేసి నిజం రాసుకోండి.

నీకు తెలీని విషయం కాదు, అయినా చెప్తాను. చర్చికి పోయినంత మాత్రాన వాళ్ళు ఊరు వదిలిపోలేదు. పొలం గట్టు తగాదా వస్తే మన జిల్లాలో ఏం చేస్తారు? కాణిపాకం పోయి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. రాజకీయ నాయకులు కూడా 'దమ్ముంటే కాణిపాకం రా' అని సవాళ్ళు విసురుకుంటారు. చర్చికి పోయేవాణ్ణి అక్కడికి రమ్మనలేం, వాడు బైబిలు మీద చెప్తానంటాడు. అప్పుడు ఊరు ఆ మాట నమ్మాలి. రచ్చబండ దగ్గర ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు దేవుళ్ళ మీద ఒట్టేసి ఒకే గట్టు గురించి నిజం చెప్పగలిగితే ఆ ఊళ్ళో పోలీసు స్టేషనుకు పని తగ్గుతుంది. అలాంటి నమ్మకం నీళ్ళు ఆపితే వస్తుందా చెప్పు.

ఊరేగింపు దారి మార్చొద్దు. దళితవాడకు పోవాల్సిందే, మీ నాయన నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కాకపోతే ఆయన్ను ఒక మాట అడుగు, అమ్మవారు అక్కడికి ఎన్ని గంటలకు చేరుతుంది? చాలా ఊళ్ళలో పెద్ద వీధుల్లో ఇంటింటికీ ఆగి హారతులు పట్టించుకుని, దళితవాడకు చేరేసరికి రాత్రి రెండవుతుంది, మోసేవాళ్ళు తూలుతుంటారు, పిల్లలు నిద్రపోయి ఉంటారు, రెండు నిమిషాలు నిలబెట్టి తిప్పేస్తారు. దాన్ని వెళ్ళడం అనరు. ఈసారి మొదట అటే పోనీయండి. చర్చికి పోని ఇళ్ళు కూడా అక్కడ ఉన్నాయి కదా, వాళ్ళ హారతి వెలుతురుండగా పట్టండి. కన్నప్పకు మొదటి జెండా ఎగరేసే జిల్లా మనది, మనకు ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పనా?

చాటింపు గురించి మర్చిపోయాను, ఒక్క ముక్క. ఊరు దాటకూడదు అనే ఆ కట్టు ఎందుకు పెట్టారో అని నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి అనుకుంటూ ఉంటావు. ఎండాకాలం, అమ్మవారు పోసే రోజులు, మశూచి ఊరి నుంచి ఊరికి మనిషితోనే నడిచేది. వేపాకు, పసుపు నీళ్ళు, అంబలి, ఎవరూ అటూ ఇటూ తిరగొద్దు. దానికీ దీనికీ సంబంధం ఉండే ఉంటుందని నా నమ్మకం, నిరూపించమంటే మాత్రం నా దగ్గర కాగితం లేదు. మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. జబ్బు పోయి ఇన్నేళ్ళయినా కట్టు మిగిలింది, ఇప్పుడు దాని పని వేరే, బెంగళూరులో చెన్నైలో ఉన్న పిల్లలందర్నీ వారం రోజులు ఇంటికి రప్పించడం. నిన్ను కూడా అదే రప్పించి ఈ లెక్కల పుస్తకం చేతిలో పెట్టింది.

ఇప్పుడు వరస చెప్తాను. ముందు కమిటీ మీటింగులో కార్డు తీర్మానం రద్దు చేయించు, ఒప్పుకోకపోతే లెక్కల పుస్తకం బల్లమీద పెట్టి లేచి వచ్చేయి, అంతకంటే గట్టి మాట లేదు. ఎక్కువమంది అప్పుడు మెత్తబడతారు, కొత్త ట్రెజరరు దొరకడం ఏ ఊళ్ళోనూ అంత తేలిక కాదు. డీజే అడ్వాన్సు పోతే పోనీ. దూదేకుల తాత దగ్గరికి నువ్వొక్కడివే పో, పెద్ద బృందం వద్దు, 'తాతా, ఈసారి చక్కెర కమిటీ తెస్తుంది, చదివించడం మాత్రం మీరే' అని చెప్పిరా. పలకవాళ్ళ ఇళ్ళకు మాత్రం మీ నాయనను వెంటబెట్టుకుని పో, ఆయన అలక కూడా అక్కడే తీరుతుంది. పగలు పోవద్దు, ఎవరూ ఇళ్ళలో ఉండరు. మామిడికాయల పని సీజను కదా, తోటల నుంచి తిరిగొచ్చి స్నానాలు చేసేసరికి ఏడవుతుంది. ఏడున్నరకు పోండి. వాళ్ళు కూర్చోమంటే కూర్చోండి, టీ ఇస్తే తాగండి.